జనరల్ గుమాస్తా అయిన కథ

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా మా హాస్టల్లో ఒక సీనియర్ హార్డ్ డిస్క్ గదులన్నీ తిరిగేది. అందులో సినిమాల కంటే పాటలే ఎక్కువ. కింగ్ క్రిమ్సన్ ఫోల్డర్ లోపల, ఎవరు పడేశారో తెలీదు, 'ఫొటోస్ ఆఫ్ గోస్ట్స్' అని ఒక ఆల్బమ్ ఉండేది. బ్యాండ్ పేరు మూడే అక్షరాలు: పి.ఎఫ్.ఎం. ఫ్లూట్, వయొలిన్, మెలోట్రాన్, మధ్యలో ఇంగ్లీషు పాట. ఇదేదో ఇంగ్లండు బ్యాండే అనుకుని రెండేళ్ళు విన్నాను. ఐదో పాట మాత్రం ఏ భాషో అర్థమయ్యేది కాదు. అప్పట్లో ఇంగ్లీషు పాటల్లోనూ నాకు సగం మాటలు అందేవి కావు కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

ఉద్యోగంలో చేరాక తెలిసింది, వాళ్ళది మిలాన్ అని. నేను వింటున్న ఆల్బమ్‌లో ఎక్కువ భాగం అంతకు ముందే 'పెర్ ఉన్ అమీకో' పేరుతో ఇటాలియన్‌లో వచ్చిందనీ, నా దగ్గరున్నది బయటి దేశాల వాళ్ళ కోసం మళ్ళీ చేసిన ఇంగ్లీషు ప్రతి అనీ. ఆ రాత్రే ఇటాలియన్‌ది వెతికి విన్నాను. అవే రాగాలు, అదే ఫ్లూట్. కానీ మనిషి వేరు. కాలేజీలో మనతో ఇంగ్లీషు కలిపి మాట్లాడే స్నేహితుడి ఊరికి వెళ్తే, వాడు వాళ్ళమ్మతో వాళ్ళ యాసలో గలగలా మాట్లాడుతుంటాడు చూడండి, అలా అనిపించింది. వీడిలో ఇంత ఉందా అని.

ఆ రెండు రికార్డుల మధ్య ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నదే ఈ వ్యాసం.

* * *

పి.ఎఫ్.ఎం. అసలు పేరు 'ప్రెమియాతా ఫోర్నెరియా మార్కోని'. బ్రెషియా దగ్గర కియారి అనే ఊళ్ళో ఉన్న ఒక బేకరీ పేరు అది. 'ప్రెమియాతా' అంటే బహుమతి పొందిన. మన దగ్గర ఎవరైనా కుర్రాళ్ళు కలిసి 'సుప్రసిద్ధ సుభాన్ బేకరీ' అని బ్యాండ్ పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలా అన్నమాట. పేరు సరదాగా ఉంది గానీ మనుషులు సామాన్యులు కాదు. వీళ్ళలో చాలామంది అంతకు ముందు 'ఇ క్వెల్లి' అనే బృందంగా ఉంటూ, లుచియో బత్తిస్తి, ఫబ్రిట్సియో దె ఆంద్రె లాంటి పెద్ద గాయకుల రికార్డులకు స్టూడియోలో వాయించినవాళ్ళు. ఫ్లావియో ప్రెమోలి కీబోర్డులు, ఫ్రాంకో ముస్సిదా గిటార్, ఫ్రాన్ట్స్ ది చోచ్చో డ్రమ్స్, జోర్జో పియాట్సా బేస్, ఆపైన వయొలిన్, ఫ్లూట్ రెండూ వాయించే మౌరో పగాని.

1972 మొదట్లో వచ్చిన వాళ్ళ తొలి ఆల్బమ్ 'స్తోరియా ది ఉన్ మినూతో' ఇటలీలో పెద్ద హిట్. అందులో 'ఇంప్రెస్సియోని ది సెత్తెంబ్రె' అనే పాట గురించి ఒక్క మాట చెప్పాలి. సెప్టెంబరు తెల్లవారుజామున పొగమంచులో, తడి పొలాల మధ్య నడిచే మనిషి ఆలోచనలు అవి. సాహిత్యంలో బత్తిస్తి పాటల కవి మొగోల్ చెయ్యి ఉంది. చరణం నెమ్మదిగా, దాదాపు గుసగుసగా సాగుతుంది. ఇక పల్లవి వస్తుందనగా మాట ఆగిపోతుంది. మూగ్ సింథసైజర్ ఒక్కసారిగా ఆకాశమంత ఎత్తున లేస్తుంది. పల్లవి అంతా అదే. అందులో మాటలే లేవు. ఇటలీలో ఇప్పటికీ కచేరీల్లో జనం ఆ మూగ్ వరసనే నోటితో పాడతారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది.

అదే ఏడాది చివర్లో రెండో ఆల్బమ్ 'పెర్ ఉన్ అమీకో' వచ్చింది. ఆ రోజుల్లో ప్రపంచంలోనే పెద్ద రాక్ బ్యాండ్లలో ఒకటైన ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అప్పుడే మాంటికోర్ అని సొంత రికార్డు కంపెనీ పెడుతున్నారు. గ్రెగ్ లేక్‌కి వీళ్ళు నచ్చారు. సంతకాలయ్యాయి. పాటలకు ఇంగ్లీషు మాటలు రాసే పని, నిర్మాణం పనీ పీట్ సిన్‌ఫీల్డ్‌కి అప్పజెప్పారు. కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్‌కి సాహిత్యం రాసిన కవి ఆయనే. 1973లో 'ఫొటోస్ ఆఫ్ గోస్ట్స్' బయటికొచ్చింది. అట్ట మీద బేకరీ పేరు మూడక్షరాలకు కుదించుకుపోయింది.

ఈ పేరు కుదింపు దగ్గర నేను కాస్త ఆగుతాను. నా మొదటి ఉద్యోగంలో, అమెరికా క్లయింటుతో తొలి కాల్‌కి ముందు మా మేనేజర్ "నీ పేరు వాళ్ళ నోరు తిరగదు గానీ ఒక రెండక్షరాలు చెప్పెయ్" అన్నాడు. చెడ్డవాడు కాదు, నా మంచికే చెప్పాడు. నేనూ చెప్పేశాను. ఇప్పటికి పదేళ్ళు దాటింది. ఆఫీసులో ఇప్పటికీ నేను ఆ రెండక్షరాలే. పి.ఎఫ్.ఎం. వాళ్ళని ఎవరూ మెడ మీద కత్తి పెట్టి బలవంతపెట్టలేదు. నన్నూ పెట్టలేదు. ఇలాంటి చోట్ల అడిగేవాళ్ళు మర్యాదగానే అడుగుతారు, మనమూ సంతోషంగానే ఒప్పుకుంటాం. అందుకే ఏం పోయిందో లెక్క తేల్చడం కష్టం.

* * *

సిన్‌ఫీల్డ్ అనువాదం చెయ్యలేదు. ఆ రాగాలు విని, వాటికి తనకు తోచిన కొత్త మాటలు రాశాడు. పేర్లు పక్కపక్కన పెడితే చాలు, సంగతి తెలిసిపోతుంది. 'అప్పేనా ఉన్ పో' అంటే 'కొంచెమంటే కొంచెం'. అది 'రివర్ ఆఫ్ లైఫ్' అయింది. 'పెర్ ఉన్ అమీకో' అంటే 'ఒక స్నేహితుడి కోసం'. అది 'ఫొటోస్ ఆఫ్ గోస్ట్స్', దయ్యాల ఫొటోలు అయింది. 'జెరానియో' ఒక పూలమొక్క పేరు. అదేమో 'ప్రామెనేడ్ ద పజిల్' అయింది. కొంచెం, స్నేహితుడు, పూలకుండీ: ఇంటి గుమ్మం దాటని చిన్న మాటలివి. వాటి స్థానంలోకి జీవననది, దయ్యాలు, పొడుపుకథలు వచ్చాయి. ఆనాటి ఇంగ్లీషు ప్రోగ్రెసివ్ రాక్ శ్రోతకి అలవాటైన సామగ్రి అంతా దిగిపోయింది.

అన్నిటికంటే విచిత్రం 'జెనెరాలె' సంగతి. ఇటాలియన్ రికార్డులో అది వట్టి వాద్య సంగీతం. పేరుకి జనరల్, అంటే సేనాధిపతి. మధ్యలో కవాతు బాణీ వచ్చి ఆ పేరుకి న్యాయం చేస్తుంది. ఇంగ్లీషు రికార్డులో దానికి మాటలు తగిలించి 'మిస్టర్ నైన్ టిల్ ఫైవ్' అని పేరు మార్చారు. జనరల్ కాస్తా తొమ్మిది నుంచి ఐదు దాకా పనిచేసే ఆఫీసు గుమాస్తా అయ్యాడు. మాటలే లేని పాటలో భాష అడ్డమేముంది? అయినా అక్కడా ఇంగ్లీషు పెట్టారు. అంటే పని వట్టి అర్థం చేరవేయడం కాదన్నమాట. ఎక్కడ చూసినా ఇంగ్లీషు గొంతు వినపడాలి, ఈ రికార్డు 'మనది' అని ఆ శ్రోతకి అనిపించాలి.

ఇదంతా చదివి సిన్‌ఫీల్డ్ పాడుచేశాడని నేనంటున్నాననుకోకండి. ఆల్బమ్‌గా 'ఫొటోస్ ఆఫ్ గోస్ట్స్' గొప్పగా వినపడుతుంది. తొలి ఆల్బమ్‌లోని 'ఎ ఫెస్తా' ఇందులో 'సెలబ్రేషన్' అయింది. నా చెవికి ఈ రెండోదే బాగుంది. దుమ్ము దులిపి, నాలుగు రెట్లు పెద్ద హాల్లో వాయించినట్టుంటుంది. ఆల్బమ్ అమెరికాలో బిల్‌బోర్డ్ 200 జాబితాలో 180వ స్థానం దాకా వెళ్ళింది. ఈరోజు లెక్కల్లో చిన్నదే కావచ్చు గానీ, అప్పట్లో మిలాన్ నుంచి వచ్చిన ఐదుగురికి అది చిన్న విషయం కాదు. 1974లో వాళ్ళు ఉత్తర అమెరికాలో కచేరీలు చేశారు. టొరాంటోలో, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వాయించినవి 'కుక్' అనే లైవ్ ఆల్బమ్‌గా వచ్చాయి. ఆ తలుపు ఇంగ్లీషు లేకుండా తెరుచుకునేదా అంటే, నిజాయితీగా చెప్పాలంటే అనుమానమే.

మరైతే పోయిందేమిటి?

* * *

నా లెక్కలో పోయింది అర్థం కాదు, అచ్చు.

ఇటాలియన్ మన తెలుగులాగే అజంత భాష. మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అని మనం మురిసిపోతుంటాం కదా, ఆ పోలిక పుట్టిందే ఇక్కడ. మనం బస్ ఎక్కం, బస్సు ఎక్కుతాం. రోడ్డు దాటుతాం. హల్లు దగ్గర నోరు మూసుకోవడం మనకి ఇష్టం ఉండదు. పాడేవాడికి ఇది వరం. చివరి అచ్చు మీద గొంతు ఎంతసేపైనా నిలబెట్టొచ్చు.

ఇంకో సంగతి. ఇటాలియన్ మాటల్లో ఎక్కువవాటికి ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. అమీకో అన్నప్పుడు 'మీ' గట్టిగా, 'కో' మెత్తగా. ఫెస్తా, సెత్తెంబ్రె అన్నీ అంతే. కాబట్టి ఆ భాష కోసం పుట్టిన బాణీ ప్రతి పాదం చివరా ఒక బలమైన స్వరం, దాని వెనకాల ఒక మెత్తని స్వరంగా దిగుతుంది. మెట్టు దిగి కాలు మోపినట్టు. ఇంగ్లీషు నడక ఇందుకు తలకిందులు. ఆ భాషలో పాటకి ప్రాణం లాంటి మాటలన్నీ ఒక్క అక్షరంవి: లైఫ్, గోస్ట్, రెయిన్, వరల్డ్. పాదం దెబ్బ కొట్టి ఆగుతుంది. రాక్ అండ్ రోల్ బాణీలు ఆ దెబ్బ కోసమే పుట్టాయి. అందుకే రాక్ పాట రాయాలనుకున్న ఇటాలియన్ కవులకి ఎప్పుడూ ఒకటే బాధ, చివరి అక్షరం మీద ఊనిక ఉన్న మాటలు దొరకవని. దొరికిన కొన్నిటినే అరగదీస్తుంటారు.

పి.ఎఫ్.ఎం. చేసిన కొత్త పనే ఇక్కడ ఉంది. వాళ్ళు ఇంగ్లీషు దెబ్బని అరువు తెచ్చుకోకుండా, రాక్‌ని తమ భాష నడకతో నడిపించారు. 'పెర్ ఉన్ అమీకో'లో గొంతులు అంత మృదువుగా ఉండటానికి కారణం అదే. అలాంటి బాణీ మీద ఇంగ్లీషు మాటలు పెడితే రెండే దారులు. ఆ చివరి మెత్తని స్వరాన్ని కత్తిరించాలి, లేదా ఒకే అక్షరాన్ని రెండు స్వరాల మీద సాగదీయాలి. ఇంగ్లీషు ప్రతి వింటున్నప్పుడు అక్కడక్కడా మాట బాణీ మీద సరిగ్గా కూర్చోలేదని అనిపించేది ఇందుకే. దానికి తోడు పాడుతున్నవాళ్ళు ఇంగ్లీషులో బతికినవాళ్ళు కాదు. యాస తెలుస్తూనే ఉంటుంది. నాకు ఆ యాస ఇష్టం. కానీ ఆ రికార్డు ఎవరి కోసం చేశారో వాళ్ళ చెవికి అది గాయకుడి యాస కాదు, విదేశీయుడి పొరపాటు.

డబ్బింగ్ పాటలు విని పెరిగినవాడివి నువ్వే ఈ మాటలంటావా అని మీరడగొచ్చు. నిజమే. 'రోజా' పాటలు నాకు తెలుగు పాటలే. రాజశ్రీ గారు రాసిన ఆ తెలుగు మాటలే ముందు తెలుసు, అవి తమిళం నుంచి వచ్చాయని తర్వాతే తెలిసింది. బాణీ ముందే కట్టేసి ఉంటుంది, తెర మీద పెదాల కదలిక మారదు, ఆ ఇరుకులో కూర్చుని రాయాలి. అది చిన్న విద్య కాదు. కానీ అక్కడ రాసినాయన తెలుగులో బతుకుతున్నవాడు, పక్కింటి సరుకుని మనింటికి తెచ్చి మనకి నప్పేలా సర్దాడు. పి.ఎఫ్.ఎం. విషయంలో పాట తన కాళ్ళ మీద తానే నడిచి వెళ్ళి, కొత్త ఇంట్లో వాళ్ళకి నప్పేలా తనని తానే మార్చుకోవాల్సి వచ్చింది.

* * *

ఇక నాకు అసలు మింగుడుపడని విషయం.

1972లో ఇటలీలో ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కిన రికార్డుల్లో ఒకటి, వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్ అనే ఇంగ్లీషు బ్యాండ్ చేసిన 'పాన్ హార్ట్స్'. సొంత దేశంలో దాన్ని పెద్దగా ఎవరూ కొనలేదు. ఒక పక్క మొత్తం ఒకే పాట, మనసు చెదిరిన ఒంటరి లైట్‌హౌస్ కాపలాదారు గోడు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే తలనొప్పి తెప్పించే కవిత్వం. ఇటలీ కుర్రకారు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. తొలినాళ్ళ జెనెసిస్‌ని కూడా ఇంగ్లండు కంటే ముందు గుర్తించింది వాళ్ళే. వాళ్ళలో ఎంతమందికి ఆ మాటలు అర్థమై ఉంటాయంటారు? మాట అర్థంకాకపోయినా పాట వినొచ్చని లక్షల చెవులు అప్పటికే రుజువు చేశాయి. అయినా ఇంగ్లీషు శ్రోత మాత్రం ఇటాలియన్ పాట వినలేడని అందరూ ముందే తీర్మానించేశారు. అతన్నెవరూ అడిగి చూడలేదు.

ఈ కథలో ఇంకో మలుపుంది. వెనిస్ ప్రాంతం నుంచి వచ్చిన లె ఓర్మె అనే బ్యాండ్ 1973లో 'ఫెలోనా ఎ సొరోనా' అనే ఆల్బమ్ చేసింది. రెండు గ్రహాల కథ. ఒకటి వెలుగులో, ఒకటి చీకట్లో ఉంటాయి. క్షణకాలం రెంటికీ సమంగా వెలుగు అందుతుంది, ఆ తర్వాత రెండోది వెలుగుతుంటే మొదటిది ఆరిపోతుంది. దాన్ని 1974లో ఇంగ్లీషులో మళ్ళీ చేశారు. ఆ మాటలు రాసింది ఎవరో కాదు, వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్ గాయకుడు పీటర్ హామిల్. తన భాషలోనే తనని విని నెత్తిన పెట్టుకున్న దేశపు పాటకి ఆయన తన భాష తొడిగాడు. మంచి మనసుతోనే చేశాడు, బాగా రాశాడు. రికార్డు మాత్రం ఇంగ్లండులో పెద్దగా కదల్లేదు.

పి.ఎఫ్.ఎం. మూడో ఆల్బమ్ 'లీజొలా ది నియెంతె' కూడా 1974లో 'ద వరల్డ్ బికేమ్ ద వరల్డ్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఆ శీర్షిక పాట ఏదనుకున్నారు? పాత 'ఇంప్రెస్సియోని ది సెత్తెంబ్రె'నే. చరణాలకి కొత్త ఇంగ్లీషు మాటలొచ్చాయి. పల్లవి దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ఆ మూగ్ ఒక్కటే లేచింది. దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు, చెయ్యాల్సిన అవసరమూ రాలేదు. మిలాన్‌లో ఎలా మోగిందో లండన్‌లో అలాగే మోగింది. రెండు ప్రతుల్లోనూ జనం మనసులో నిలిచింది అదే.

* * *

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లీషు యాస సమస్య తీర్చడానికి బెర్నార్దో లాంజెత్తి అనే గాయకుణ్ణి తెచ్చుకున్నారు. ఇంగ్లీషులోనే పాడే 'ఆక్వా ఫ్రాజిలె' అనే ఇటాలియన్ బ్యాండ్‌లో పాడినవాడు. తర్వాతి ఆల్బమ్ 'చాక్లెట్ కింగ్స్'కి ఇటాలియన్ ప్రతి అంటూ లేదు. నేరుగా ఇంగ్లీషే. ఆ ఇంగ్లీషుతో వాళ్ళు చేసిన పనేంటంటే, యుద్ధం తర్వాత చాక్లెట్లు పంచుతూ వచ్చిన అమెరికాని వెక్కిరించడం. రమ్మన్న ఇంట్లోకి వాళ్ళ భాషలోనే వెళ్ళి వాళ్ళనే దెప్పిపొడిచారు. ఈ తెగింపు నాకు భలే నచ్చుతుంది.

1976లో మౌరో పగాని బయటికొచ్చేశాడు. 1978లో మిగతావాళ్ళు మళ్ళీ ఇటాలియన్‌కి తిరిగొచ్చారు. ఆ ఏడాది చివర్లో, 1979 మొదట్లో, కుర్రతనంలో ఎవరి రికార్డులకైతే వాయించారో ఆ ఫబ్రిట్సియో దె ఆంద్రెతోనే కలిసి ఇటలీ అంతా తిరిగి కచేరీలు చేశారు. ఆయన పాత పాటలకి వీళ్ళు కట్టిన కొత్త రూపాలు ఎంతగా పాతుకుపోయాయంటే, చాలామంది ఇటాలియన్లకి ఇప్పుడు ఆ పాటలంటే ఆ రూపాలే. అమెరికా దాకా వెళ్ళి నేర్చుకున్న వాద్య విద్య అంతా ఇంటికొచ్చి ఒక కవి పక్కన నిలబడింది.

పగాని ఇంకా ముందుకెళ్ళాడు. 1984లో అదే దె ఆంద్రెతో కలిసి 'క్రెయుజా దె మా' చేశాడు. ఇంగ్లీషు కాదు, చివరికి ఇటాలియన్ కూడా కాదు. జెనోవా రేవు జనం మాట్లాడుకునే భాష. మిలాన్ వాడికీ రోమ్ వాడికీ ముద్రించిన అనువాదం చూసుకుంటే తప్ప తెలియదు. ఇటలీలో వచ్చిన అత్యుత్తమ ఆల్బమ్‌లలో ఒకటిగా ఇవాళ దాన్ని చెప్పుకుంటారు. వినేవాళ్ళు ఎక్కువ కావాలంటే పెద్ద భాషలోకి వెళ్ళాలన్న లెక్కని, ఒకప్పుడు ఆ లెక్క ప్రకారమే నడిచిన మనిషి తిరగేసి చూపించాడు.

బయటి ప్రపంచమూ నెమ్మదిగా ఇటువైపే వచ్చింది. జపాన్‌లో కింగ్ రికార్డ్స్ 'యూరోపియన్ రాక్ కలెక్షన్' పేరుతో ఈ తరహా ఇటాలియన్ రికార్డుల్ని ఉన్నవున్నట్టుగా మళ్ళీ వేసి అమ్మింది. కొన్నవాళ్ళది ఇటాలియనూ కాదు, ఇంగ్లీషూ కాదు. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద చంద్రబోస్ మాటలు తెలుగులోనే మోగినప్పుడు కూడా హాల్లో ఉన్నవాళ్ళు అర్థం అడగలేదు. అలాగని సమస్య తీరిపోయిందనుకోనక్కర్లేదు. 2021లో ఇటాలియన్ పాటతో యూరోవిజన్ గెలిచిన మానెస్కిన్ అనే రోమ్ బ్యాండ్, 2023లో ప్రపంచం కోసం చేసిన ఆల్బమ్‌లో చాలా పాటలు ఇంగ్లీషువే. యాభై ఏళ్ళ తర్వాత కూడా అదే తలుపు, అదే మర్యాదైన ప్రశ్న.

నేను ఇప్పటికీ రెండు రికార్డులూ వింటాను. 'ఫొటోస్ ఆఫ్ గోస్ట్స్' లేకపోతే నాకు పి.ఎఫ్.ఎం. ఉన్నట్టే తెలిసేది కాదు. ఆ మాట దాచను. ఇంగ్లీషు ప్రతి ఎవరి కోసం చేశారో, ఆ 'కొత్త శ్రోత'ని చివరికి నేనే అయ్యాను కదా! ఎక్కడో తెలంగాణలో ఒక హాస్టల్ గదిలో.

మీరు కొత్తగా మొదలుపెడితే మాత్రం నాలాగా చెయ్యకండి. ముందు 'పెర్ ఉన్ అమీకో' వినండి, మాటలు వెతక్కుండా. తర్వాత ఇంగ్లీషుది వినండి. ఐదో పాట దగ్గర కాస్త నెమ్మదించండి. 'ఇల్ బాంకెత్తో', విందు. రాజుగారి బల్ల చుట్టూ సాగే వ్యంగ్యం. అన్నిటినీ మార్చిన ఆ ఆల్బమ్‌లో దీనొక్కదాన్నే ఇటాలియన్‌లో వదిలేశారు. ఇరవయ్యేళ్ళ వయసులో నాకు ఏ భాషో కూడా తెలియకుండా, రిపీట్‌లో పెట్టుకుని ఎక్కువసార్లు విన్నది ఈ పాటనే.